కైలాసగిరి నుంచి సంధ్యవేళ విశాఖ: ఆకాశం, దీపాలు రెండూ ఒకే ఫొటోలో పడాలంటే?

ప్రశ్న:
కైలాసగిరి పార్కు నుంచి సూర్యాస్తమయం తరువాత విశాఖపట్నాన్ని ఫొటో తీయాలని ప్రయత్నిస్తున్నాను. నైరుతి దిక్కుగా నిలబడితే లాసన్స్ బే, ఆర్.కె. బీచ్ మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ వరకు వంపు తిరిగిన తీరమంతా ఒకేసారి కనిపిస్తుంది. అయితే ఆకాశం రంగులు చక్కగా పడిన ఫొటోలో నగరం నల్లటి ముద్దగా మిగులుతోంది. బీచ్ రోడ్డు దీపాలు బాగా వచ్చేసరికి ఆకాశం నల్లబడిపోతోంది. నా దగ్గర 18-55 లెన్సుతో మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి. రెండు ఫొటోలను కంప్యూటరులో అతికించకుండా ఒకే ఫొటోలో ఈ రెండింటినీ తేవడం సాధ్యమేనా? ఏ నెలలో వెళ్లడం మంచిదో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
సాధ్యమే. సూర్యుడు అస్తమించాక ఆకాశపు వెలుగు మన అక్షాంశంలో దాదాపు మూడు నాలుగు నిమిషాలకొకసారి సగానికి సగం పడిపోతుంది, కానీ వీధి దీపాల వెలుగు మాత్రం మారదు. అందువల్ల ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు మోతాదు) మార్చుకుంటూ పోవడం కంటే, దీపాలకు సరిపడే ఎక్స్‌పోజర్‌ను ముందే స్థిరపరచుకొని, ఆకాశం ఆ స్థాయికి దిగివచ్చే వరకు వేచి ఉండడమే సరైన పద్ధతి. మాన్యువల్‌లో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం పరిమాణం), నాలుగు సెకన్ల షట్టర్ సమయం దగ్గర మొదలుపెట్టి, సూర్యాస్తమయమైన పావుగంట నుంచి ప్రతి నిమిషానికీ ఒక ఫొటో తీస్తూ ఉండండి. మొదటివాటిలో ఆకాశం తెల్లగా పేలిపోయినట్లు కనిపిస్తుంది; తరువాత అది ముదురు నీలంలోకి దిగి, ఒకటి రెండు ఫొటోల్లో దీపాలతో సరితూగుతుంది. విదేశీ వీడియోలలో చెప్పే ముప్పావుగంట లెక్కను ఇక్కడ నమ్ముకోకండి. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు కనుక, పనికివచ్చే వెలుగు ఇరవై అయిదు నిమిషాలకు మించి ఉండదు. నవంబరు చివరలో అయిదుంబావు దాటిన కొద్దిసేపటికే సూర్యాస్తమయం అవుతుంది కాబట్టి అంతకు ముందే స్థలం చూసుకోవాలి.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తున్నాను. నెల విషయానికి వస్తే, డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు నైరుతి వైపుకు బాగా జరిగి అస్తమిస్తాడు కనుక ఆకాశపు ఎరుపు మీరు చూసే దిక్కులోనే నిలుస్తుంది. జూన్‌లో అది కుడివైపుగా, సింహాచలం కొండల మీదికి జరిగిపోతుంది. రంగు కోసమైతే శీతకాలమే మేలు. కానీ విశాఖ నగరం ఉత్తరాన కైలాసగిరికి, దక్షిణాన యారాడ కొండకు మధ్య గిన్నెలా ఉండడం వల్ల, శీతకాలపు సాయంత్రాల్లో పొగ, దుమ్ము కిందనే నిలిచిపోయి డాల్ఫిన్స్ నోస్ మసకబారుతుంది. దూరం స్పష్టంగా కావాలంటే అక్టోబరులో వాన వెలిసిన మరునాటి సాయంత్రాన్ని మించినది లేదని నా అభిప్రాయం.

మూడవ సమాధానం:
కొండ మీద సముద్రపు గాలి వదలకుండా వీస్తుంది. తేలికపాటి ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లాగకుండా, దానికి కెమెరా సంచిని వేలాడదీసి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి; లెన్సులో స్టెబిలైజర్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంటే ఆపివేయండి. 2014 నాటి హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో సోడియం దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. కనుక పాత ఫొటోల్లోని నారింజ రంగును తొలగించడానికి ఆటో వైట్ బ్యాలెన్స్‌తో (కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే పద్ధతితో) కుస్తీ పట్టనక్కరలేదు. రా ఫార్మాట్‌లో (రంగులను తరువాత మార్చుకోగల ముడి ఫైలుగా) తీసి, వైట్ బ్యాలెన్స్‌ను నాలుగు వేల కెల్విన్ దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పౌర్ణమి నాడు వెళితే చంద్రుణ్ణి కూడా నగరంతో కలిపి తీయవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
పౌర్ణమి చంద్రుడు సంధ్యవేళ తూర్పున సముద్రం మీద ఉదయిస్తాడు. అప్పటికి నగరం మీ వీపు వైపున ఉంటుంది. రెండూ ఒకే ఫొటోలో పట్టవు. నగరంతో పాటు చంద్రుడు కావాలంటే అమావాస్య దాటిన విదియ, తదియ తిథుల్లో వెళ్లండి. శీతకాలంలో ఆ నెలవంక చీకటి పడే వేళకు పడమర–నైరుతి మధ్య, తక్కువ ఎత్తులో ఉంటుంది. అయితే ఎక్స్‌పోజర్ నాలుగు సెకన్లు దాటితే నెలవంక సాగినట్లు పడుతుంది కనుక, ఆ ఒక్క ఫొటోకు ఐఎస్ఓను 400కు పెంచి సమయాన్ని తగ్గించుకోండి.