సీ భాషలో 513.41, 513.41కి ఎందుకు సమానం కావడం లేదు?

ప్రశ్న

నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. హుస్సేన్‌సాగర్ నీరు పూర్తిస్థాయి మట్టమైన 513.41 మీటర్లకు చేరగానే హెచ్చరించే ప్రోగ్రామును ప్రాజెక్టు కోసం సీలో రాస్తున్నాను. మట్టాన్ని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలను పరిమిత కచ్చితత్వంతో దాచే రకం) ఉంచి 513.41తో సమానమా అని పోలిస్తే, తెర మీద రెండూ 513.41గానే కనిపిస్తున్నా, ఫలితం ఎప్పుడూ అసత్యమనే వస్తోంది. తేడా డీబీఎల్ ఎప్సిలాన్ (సీలో ముందే నిర్వచించి ఉన్న ఒక చాలా చిన్న స్థిరాంకం) కంటే తక్కువా అని చూసినా అదే పరిస్థితి. పొరపాటు ఎక్కడుంది?

మొదటి జవాబు

ఆరు దశాంశ స్థానాలతో ముద్రించి చూడండి, 513.409973 అని వస్తుంది. 512 నుంచి 1024 వరకు పక్కపక్క ఫ్లోట్‌ల మధ్య ఎడం సుమారు 0.00006 కాబట్టి, 513.41కి అందుబాటులో ఉన్న అతి దగ్గరి ఫ్లోట్ అదే. చివర ఎఫ్ అక్షరం లేకుండా రాసిన 513.41ని మాత్రం సీ భాష డబుల్‌గా (ఫ్లోట్ కంటే ఎక్కువ కచ్చితత్వం ఉన్న రకం) తీసుకుంటుంది. పోల్చేటప్పుడు మీ ఫ్లోట్ కూడా డబుల్‌గా మారుతుంది గానీ, అప్పటికే పోయిన కచ్చితత్వం తిరిగి రాదు. "ఎక్కువ లేదా సమానం" అని మార్చినా, ఎడమవైపు విలువ తక్కువే కనుక హెచ్చరిక మోగదు.

రెండో జవాబు

ఎప్సిలాన్ విషయం కూడా చెప్పాలి. అది 1కీ, దాని తర్వాతి డబుల్‌కీ మధ్య ఉన్న ఎడం, అంటే 2⁻⁵². 513 దగ్గర ఆ ఎడం 2⁻⁴³, అంటే 512 రెట్లు ఎక్కువ. కాబట్టి అక్కడ తేడా ఎప్సిలాన్ కంటే తక్కువ కావాలంటే రెండు సంఖ్యలూ అచ్చంగా ఒకటే అయి ఉండాలి. మీరు రాసిన షరతు మారువేషం వేసిన సమానం గుర్తే. ఎంత తేడాను సహించాలో నిర్ణయించాల్సింది కంపైలర్ కాదు, మీ సెన్సర్. అది సెంటీమీటరు వరకే కొలుస్తుంటే, నేనైతే 513.41లోంచి 0.005 తీసేసి, మట్టం అంతకు తగ్గకుండా ఉందా అని చూస్తాను. తేడానే చూడాలనుకుంటే, దాని గుర్తును తీసేయడానికి ఎఫ్‌యాబ్స్ ఫంక్షన్ వాడండి. యాబ్స్ పూర్ణాంకాల కోసం ఉన్నది, 0.9 తేడాను కూడా సున్నా చేసేస్తుంది.

మూడో జవాబు

పై రెండూ సరైనవే గానీ, ఇక్కడ అసలు దశాంశాలతో పనేముంది? మట్టాన్ని మిల్లీమీటర్లలో పూర్ణాంకంగా ఉంచి 513410తో పోల్చండి. ఫ్లోట్‌ను 1000తో గుణించి నేరుగా ఇంట్‌లో (పూర్ణాంక రకం) వేస్తే 513409 మిగులుతుంది కనుక, దగ్గరి పూర్ణాంకాన్ని ఇచ్చే ఎల్‌రౌండ్‌తో సవరించాలి. అంతకుముందే విలువ న్యాన్ ("సంఖ్య కాదు" అని తెలిపే ప్రత్యేక విలువ) అవునా అని చూసే ఈజ్‌న్యాన్ పరీక్ష పెట్టండి: సెన్సర్ చెడిపోయి న్యాన్ వస్తే, పూర్ణాంకంగా మార్చినప్పుడు ఏ విలువ వస్తుందో సీ ప్రమాణం హామీ ఇవ్వదు, ఫ్లోట్‌గానే పోలిస్తే "ఎక్కువ లేదా సమానం" ఎప్పుడూ అసత్యమే అవుతుంది, చెరువు నిండినా మీ ప్రోగ్రాము పలకదు.