"చాప చుట్టేయడం"లో ఉన్నది ఏ చాప?

ప్రశ్న: వికెట్లు టపటపా పడిపోతే "చాప చుట్టేశారు" అంటాం. అది పడక చాపా, తెరచాపా? ఓడల సందర్భంలో "చాప దించి చుట్టేశారు" అని చదివినట్టు లీలగా గుర్తు. ఆ "దించి" నిజమైతే పడక చాప కాదు కదా.

తీరవాసి: తెరచాపను చుట్టరండీ, మడతేస్తారు. పడవ ముక్కు గాలికి ఎదురు తిప్పి, బూమ్ (చాప కింది అంచున ఉండే అడ్డకర్ర) బరువు టాపింగ్ లిఫ్ట్ (బూమ్ తోకను పైనుంచి పట్టే తాడు) మీదికి తెచ్చి, అప్పుడు హాలియార్డ్ (చాపను ఎత్తే తాడు) వదలాలి. దిగే గుడ్డను వెనక అంచు పట్టి లాగుతూ బూమ్ మీద అటొక మడత, ఇటొక మడత వెయ్యాలి. బూమ్‌కు రెండు పక్కలా లేజీ జాక్ తాళ్లుంటే గుడ్డ డెక్ మీద పడదు. చాప ఎత్తేటప్పుడు మాత్రం వాటిని మాస్టు (నిలువు స్తంభం) దగ్గరికి లాగి కట్టాలి, లేదంటే చాపలోని బద్దల కొసలు తగులుకుంటాయి.

పాతప్రతి: "చుట్టరు" అని కొట్టెయ్యకండి. గాలి పెరిగినప్పుడు చాపను తగ్గించడానికి బూమ్‌నే తిప్పి చుట్టే పద్ధతి ఉండేది. మాస్టు వైపు అంచున కుట్టిన తాడు మందానికి అటు ఎక్కువ గుడ్డ చుట్టుకుంటుంది, వెనక తక్కువ. దాంతో బూమ్ తోక వాలి, చాప ఉబ్బుతుంది. గాలి పెరిగినప్పుడు కావలసింది బల్లపరుపు చాప!

తీరవాసి: అందుకే ఇప్పుడు స్లాబ్ రీఫింగ్, అంటే చాప కింది భాగాన్ని మడిచి కట్టి చాపను తగ్గించడం. షీటూ (బూమ్ పక్కకు పోకుండా పట్టే తాడు) వ్యాంగూ (బూమ్‌ను కిందికి లాగే తాడు) వదులు చెయ్యి, హాలియార్డ్ గుర్తు దాకా దించు, చాప ముందంచు కన్నాన్ని గూస్‌నెక్ (బూమ్ మాస్టును కలిసే కీలు) కొక్కేనికి తగిలించు, హాలియార్డ్ బిగించు, ఆ తర్వాతే వెనక రీఫ్ తాడు లాగు. నడిమి కట్లు గుడ్డ ఎగరకుండా ఆపడానికే. వెనక తాడు జారి బరువు వాటి మీద పడిందా, చాప అక్కడే చిరుగుతుంది.

శ్రీనాథాభిమాని: అసలు చాపతోనే తెరచాపలు చేసిన ఓడలున్నాయి. శ్రీనాథుడి హరవిలాసంలో, ఆ కావ్యం అంకితం పొందిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి సరుకుల పట్టిక చదువుతుంటే రేవులో నిలబడ్డట్టే ఉంటుంది, ఏ కవీ అలా రాయలేదు! అందులోని "జోంకు" చీనా ఓడే. దాని చాపకు అడ్డబద్దలుంటాయి, తాడు వదిలితే తనంతట తానే మడతలు పడుతుంది. 1960లో బ్రిటిష్ నావికుడు హాస్లర్ ఆ చాపనే జెస్టర్ అనే 25 అడుగుల పడవకు కట్టి, డెక్ ఎక్కకుండా లోపలినుంచే తాళ్లు లాగుతూ ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు.

పాతప్రతి: జోంకు కాదు, జోంగు. జావా, మలయ్ వాళ్ల మాట "జోంగ్". "కు" ఉన్న రూపం పోర్చుగీసులది. వాళ్లు రాకముందు కవి శ్రీనాథుడు, "కు" ఆయనకెక్కడిది? జావా ఓడ చాపకు కింద వాసం ఉంటుంది. దాన్ని తిప్పి చాప చుట్టేవారు. కాబట్టి "చుట్టేయడం" అక్కడిదే కావచ్చు.

శ్రీనాథాభిమాని: "కు" అన్నా "గు" అన్నా లఘువే, ఛందస్సు మీకు సాయం రాదు. పైగా రెండూ ఒకే మాట. అక్షరం మారితే ఓడ మారుతుందా?

తీరవాసి: ఏ ఓడైనా ముందు చాప దిగాలి. ప్రశ్నలోని "దించి" ఏ రచనలోదో ఎవరైనా చెప్పండి.

పాతప్రతి: అంతకన్నా ముందు, హరవిలాసంలో జోంగు పక్కనే ఉన్న మరో ఓడ పేరు "కప్పలి" సంగతి తేల్చండి. అది అరవంలో ఓడ అనే అర్థమున్న "కప్పల్" కాదంటారా?