రెండు రోజుల జాతీయ సదస్సును ఆన్‌లైన్‌కు మార్చడం ఎలా?

ప్రశ్న: హైదరాబాద్ నల్లకుంట నుంచి ఒక తెలుగు అధ్యాపకుడు, 2021 మార్చి

అందరికీ నమస్కారం. తెలుగు మాండలికాల మీద రెండు రోజుల జాతీయ సదస్సును మా డిగ్రీ కళాశాలలో 2020 మార్చి నెలాఖరున జరపాలనుకున్నాం. 25వ తేదీ నుంచి లాక్‌డౌన్ రావడంతో అది వాయిదా పడింది. ఈ ఏప్రిల్‌లోనైనా జరుపుదామని పత్రాలు తెప్పించుకుని, అతిథులను ఒప్పించి, వంటవాళ్లకు బయానా కూడా ఇచ్చుకున్నాక, మార్చి 24 నుంచి రాష్ట్రంలో వైద్య కళాశాలలు తప్ప మిగతా విద్యాసంస్థలన్నీ మళ్లీ మూతపడ్డాయి. ఇక ఆన్‌లైన్‌లోనే కానివ్వమని మా ప్రిన్సిపాల్ గారి మాట. ప్రారంభ సభ, కీలకోపన్యాసం, నలభై రెండు పత్రాలు, సమాపన సభ ఉన్న మా కార్యక్రమ పత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా జూమ్‌లో నడిపితే సరిపోతుందా? ఇదివరకే తీసుకున్న రుసుమును ఏం చేయాలి? నిర్వహించిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: తార్నాక నుంచి, విశ్రాంత ఆచార్యురాలు

ఉన్నది ఉన్నట్టుగా మాత్రం నడపకండి. కిందటి ఏడాది మేము చేసిన పొరపాటు అదే. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి సాయంత్రం ఐదున్నర దాకా నడిపాం. ప్రారంభ సభలో ఎనిమిది మంది పెద్దలు ఒకరినొకరు పొగుడుకోవడానికే గంటన్నర పట్టింది. మందిరంలోనైతే జనం ఓపిగ్గా కూర్చుంటారు, మర్యాద కోసమో భోజనం కోసమో. ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ మొహమాటం ఉండదు కదా. మధ్యాహ్నానికి పత్రాలు చదివేవారు, అధ్యక్షత వహించేవారు, నేను మిగిలాం.

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరగవలసిన ఐసీఎల్ఆర్ అనే మెషిన్ లెర్నింగ్ సదస్సును 2020 ఏప్రిల్ 26 నుంచి పూర్తిగా ఆన్‌లైన్‌లోనే జరిపారు. ప్రసంగాలను ముందే రికార్డు చేయించి అందరికీ అందుబాటులో ఉంచి, వేర్వేరు దేశాల వారికి వీలయ్యేలా ఒక్కో పత్రం మీద ప్రశ్నోత్తరాలను రెండేసి వేళల్లో పెట్టారు. మనది అంత పెద్ద సభ కాకపోయినా ఆ పద్ధతి మనకూ పనికివస్తుంది. పది నిమిషాల రికార్డింగును వారం ముందే తెప్పించుకోండి. దాన్ని వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది కాబట్టి గూగుల్ డ్రైవ్‌లో పెట్టమనండి. సభ జరిగే సమయమంతా చర్చకే వదలండి. మాండలికాల మీద పత్రమంటే అసలు విషయం చర్చలోనే బయటపడుతుంది. ‘మా వైపు ఈ మాటను ఇలా అనరు’ అని ఒకరు లేచినప్పుడే పత్రం రాసినవారికి కొత్త సంగతి తెలుస్తుంది.

రెండు రోజుల పనిని నాలుగు సాయంత్రాలకు పంచండి. మన ఆరున్నర అంటే ఇప్పుడు న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది, కాబట్టి అక్కడి తెలుగువారూ రాగలరు. కాలిఫోర్నియా వారికి మాత్రం ఉదయం ఆరే అవుతుంది. రుసుములో భోజన వసతుల వాటాను తిరిగి ఇచ్చేసి, మిగిలినది సదస్సు సంచిక అచ్చుకు వాడుకుంటామని రాసి పంపండి.

జవాబు 2: మాదాపూర్ నుంచి, ఆన్‌లైన్ సభలకు సాంకేతిక సాయం చేసేవాడిని

మేడమ్ గారు చెప్పినదానికి కొంత చేరుస్తాను. జూమ్‌లో సభను నడిపే హోస్ట్ ఒక్కరే ఉండకూడదు. ఆ ఇంట్లో కరెంటు పోతే సభ ఎవరి చేతిలోనూ ఉండదు. వేరే ప్రాంతంలో, వేరే ఇంటర్నెట్ కనెక్షన్ మీద ఉన్న మరొకరిని కో-హోస్ట్‌గా పెట్టండి. లింకును ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. పేర్లు నమోదు చేసుకున్నవారికే పంపి, వెయిటింగ్ రూమ్ నుంచి ఒక్కొక్కరినీ చూసి లోపలికి రానివ్వండి. జూమ్ వాడేవారు జాగ్రత్తగా ఉండాలని 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ హెచ్చరించింది కూడా.

మరో మాట. ఈ-సర్టిఫికెట్ కోసమే వచ్చేవారు ఎక్కువగా ఉంటారు. ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు చాట్‌లో పడగానే సగం మంది మాయం కావడం చాలాసార్లు చూశాను. పత్రం మీద ప్రశ్న అడిగినవారికే సర్టిఫికెట్ అని చెప్పి చూడండి.

జీవశాస్త్ర, ఔషధ రంగాల వారి కోసం హైదరాబాద్‌లో జరిగే బయోఆసియా సదస్సు కూడా ఈ ఫిబ్రవరి 22, 23 తేదీల్లో ఆన్‌లైన్‌లోనే జరిగింది. కిందటి ఏడాది అదే సదస్సు హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో జరిగింది. ఈసారి సత్య నాదెళ్ల గారు కేటీఆర్ గారితో తెర మీదనే మాట్లాడారు. పెద్ద అతిథులకు ప్రయాణం తప్పడం మనకు కలిసివచ్చే విషయమే. మీరు కూడా, రాలేరని వదులుకున్న పెద్దలను మళ్లీ అడగండి.

జవాబు 3: పరిశోధక విద్యార్థిని, ప్రస్తుతం ఆదిలాబాద్ జిల్లాలోని మా ఊరి నుంచి

హాస్టల్ మూసేయడంతో ఇంటికి వచ్చేశాను. నా ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వస్తుంది. వీడియోతో గంటన్నర కూర్చుంటే అది దాదాపు అయిపోతుంది. సిగ్నల్ కోసం మేడ మీదికి వెళ్లాలి. అందువల్ల మా ముఖాలు కనిపించడం లేదని కోప్పడకండి. మామూలు ఫోను కాల్‌తో వినే వీలుంటే ఆ నంబరు కూడా ఇవ్వండి.

రైలు టికెట్టు, బస ఖర్చు భరించలేక నేనెప్పుడూ వెళ్లలేని సదస్సులకు ఈ ఏడాదిలో కూర్చోగలిగాను. అయితే సభలో నాకు దక్కేది ఎక్కువగా టీ విరామంలోనే దక్కేది. ఏదో ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని ‘ఏమ్మా, నీ అంశం ఏమిటి?’ అని అడిగిన ఆ రెండు నిమిషాలు జూమ్‌లో ఎక్కడా లేవు. పెద్దల ప్రసంగం ముగియగానే ‘ధన్యవాదాలు’ అంటారు, తెర నల్లబడుతుంది. ఒక సభలో మాత్రం చివర మమ్మల్ని ఐదుగురేసి చొప్పున బ్రేకవుట్ గదుల్లోకి పంపి, ఒక్కో గదిలో ఒక ఆచార్యుల వారిని కూర్చోబెట్టారు. నా ప్రశ్నావళిలోని తప్పు అక్కడే తెలిసింది. వీలైతే అలా ఒక ఇరవై నిమిషాలు మాకు కేటాయించండి.

ప్రశ్న అడిగిన వారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాలుగు సాయంత్రాలు, ముందే రికార్డింగులు, రోజూ చివర ఇరవై నిమిషాల చిన్న గదులు అని ఖాయం చేసుకున్నాం. ఫోను నంబరు కూడా ఇస్తామమ్మా. అతిథి ప్రసంగాలను ఇద్దరికి తగ్గించడానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు కానీ, జ్యోతి ప్రజ్వలనను మాత్రం వదులుకోనన్నారు. తమ ఇంట్లోనే కెమెరా ముందు దీపం వెలిగిస్తారట. ఆ సమయానికి వారి ఇంట్లో ఫ్యాను ఆపించే బాధ్యత నాకు అప్పగించారు.