"తిరగబెట్టింది" అనొచ్చా?

పోయిన వారం మా మేనమామను మలక్‌పేట నుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పదకొండేళ్ళ కింద ఆయనకు స్వరపేటికలో క్యాన్సర్ వస్తే కరెంటు (రేడియేషన్) పెట్టారు, తగ్గింది. ఈమధ్య మళ్ళీ గొంతు బొంగురుపోయింది. బయాప్సీ రిపోర్టు రాగానే అత్తయ్య వరండాలోంచే చుట్టాలకు ఫోన్లు మొదలుపెట్టింది, "తిరగబెట్టిందమ్మా" అని. పక్కనే ఉన్న మామయ్య జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, ఒక్క ముక్క రాసి నాకు చూపించాడు: "నేను సిగరెట్ ముట్టలేదు."

జ్వరం తిరగబెట్టిందంటే పథ్యం తప్పాడేమోనని మన మనసు ముందే అనేసుకుంటుంది. ఆ నింద మాటలోనే ఉంది. అప్పటిదాకా నేనెప్పుడూ గమనించలేదు.

డాక్టర్ చెప్పింది వేరు. మొదటిది స్క్వామస్ కార్సినోమా, స్వరపేటిక లోపలి పొరలో పుట్టేది. అక్కడ వచ్చే క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా అదే. ఇప్పటిది సార్కోమా. పొర కింద కండరంలోనో మృదులాస్థిలోనో పుడుతుంది, స్వరపేటికలో చాలా అరుదు. రేడియేషన్ తగిలిన చోట, ఏళ్ళు గడిచాక, ఏ కొద్దిమందికో ఇలా వస్తుందట. అలాగని అప్పటి వైద్యం తప్పు కాదు. దానివల్లే మామయ్య ఇన్నేళ్ళు మాట్లాడాడు.

దీన్ని తెలుగులో ఏమందాం? పాతది తిరిగి రాకుండా కొత్తగా పుట్టిన వేరే క్యాన్సర్‌ను డాక్టర్లు "సెకండ్ ప్రైమరీ" అంటారు. ఆ మాట అంటే అత్తయ్యకు ఎక్కదు.

— పత్రికల్లో "పునరావృతం" అని రాస్తారండీ, కానీ అదీ పాతది తిరిగి రావడమే. "ద్వితీయ కణితి" మాత్రం వద్దు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకినదాన్ని ఆస్పత్రుల్లో సెకండరీస్ అంటారు, జనం అదే అనుకుని హడలిపోతారు.

— నేను క్యాన్సర్ వార్డులో నర్సును. "పాత మోడు చిగురు కాదమ్మా, అదే మడిలో వేరే మొలక" అని చెప్తాను, వెంటనే అర్థమవుతుంది. ఈ తేడా తెలియకపోతే చుట్టాలు "మళ్ళీ కరెంటే పెట్టించండి" అంటారు. సార్కోమాకు ముందు చూసేది ఆపరేషన్ కుదురుతుందా అని. ఒకసారి రేడియేషన్ పడ్డ చోట మళ్ళీ ఇవ్వడం అంత తేలిక కాదు కూడా.

— నర్సమ్మ గారూ, మీ మాటే అత్తయ్యకు చెప్పాను. ఇవాళ పొద్దున పిన్నితో ఫోన్‌లో "పాతది కాదే, వేరేది మొలిచింది. ఆయన తప్పేం లేదు" అంటోంది. మామయ్య పేపర్ పక్కన పెట్టి విన్నాడు. ఆపరేషన్ వచ్చే గురువారం.