బోర్డు మీద "స్థాపితం" ఏ సంవత్సరం? ఇంట్లో చెప్పేదా, కాగితంలో దొరికేదా?

గల్లీచరిత్ర: సుల్తాన్ బజార్, బేగంబజార్ లాంటి హైదరాబాద్ పాత వీధుల్లో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. ఇంట్లోవాళ్లు దుకాణం 1928లో పెట్టారంటారు. చేతికి దొరికే పాత కాగితం 1951 తర్వాతది. మధ్యలో మడిగె మారింది, పేరు మారింది, నడిపింది మాత్రం ఒకే కుటుంబం. వీధి చరిత్ర రాసేటప్పుడు ఏ ఏడాది వేయాలి?

దస్తావేజు: కాగితం లేని ఏడాది వేయొద్దు. ముందు ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రికార్డులు తిరగేయించాలి. దరఖాస్తులో పాత డోర్ నంబరు, కొత్త నంబరు, నాలుగు దిక్కుల హద్దులు అన్నీ రాయాలి. కొత్త నంబరు ఒక్కటే ఇస్తే "నిల్" అని చేతిలో పెడతారు, ఏమీ లేదనుకుని మీరు ఇంటికొచ్చేస్తారు.

బహీఖాతా: ఈసీ చెప్పేది యజమాని చరిత్ర. కిరాయిదారు అందులో కనపడడు. అప్పట్లో నెలవారీ కిరాయికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఏడాదికి మించిన లీజుకే కావాల్సి వచ్చేది. పాత వీధుల్లో చాలా వ్యాపారం పగిడీ (ముందుగా పెద్ద మొత్తం కట్టి, తక్కువ కిరాయికి ఉండే పద్ధతి) మీదే నడిచింది. 1962లో మడిగె కొన్నట్టు ఈసీలో ఉంటే, అంతకు ముప్ఫై ఏళ్ల ముందు నుంచీ అక్కడే కిరాయికి ఉండి ఉండొచ్చు కదా.

అందుకే రెంట్ కంట్రోల్ కేసులు వెతకమంటాను. ఖాళీ చేయమని యజమాని పిటిషన్ వేస్తే, కిరాయిదారు కౌంటర్‌లో (కోర్టుకిచ్చే జవాబులో) "ఫలానా ఏడాది నుంచి, ఇంత కిరాయికి" అని రాస్తాడు. కిరాయి రసీదులు ఎగ్జిబిట్లుగా ఎక్కుతాయి. 1960 చట్టం కింద నడిచిన కేసుల్లో ఇలాంటివి బోలెడు. హైకోర్టు దాకా వెళ్లినదైతే తీర్పు దొరకడం ఇంకా సులువు.

దస్తావేజు: కేసులో ఎంత పాత ఏడాది చెబితే అంత లాభం అనుకునే కిరాయిదారు మాటా సాక్ష్యమేనా? రసీదును నమ్ముతా, కౌంటర్‌ను నమ్మను. దానికంటే ఫర్మ్ (భాగస్వామ్య సంస్థ) రిజిస్ట్రేషన్ మేలు.

లెక్కలమేస్త్రి: అది మరీ బలహీనం. 1932 నాటి భాగస్వామ్య చట్టం నిజాం రాజ్యానికి వర్తించలేదు, 1951లో గానీ ఇక్కడికి రాలేదు. వచ్చాక కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చాలా ఇళ్లలో పాత కాగితం 1951 దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం. భాగస్వామ్య డీడ్ (ఒప్పంద పత్రం) దొరికితే తేదీ చూసి వదిలేయకండి, మొదటి పేరాలు చదవండి. "ఇదివరకు ఫలానావారు సొంతంగా నడుపుతున్న వ్యాపారమును" అని ఉందంటే దుకాణం డీడ్ కంటే పాతదే.

అసలు బోల్తా పడేది తేదీల దగ్గర. ఉర్దూ కాగితంలో 1338 ఫసలీ (నిజాం సర్కారు లెక్కల సంవత్సరం) అని ఉంటే 590 కలపాలి: 1928 అక్టోబరు నుంచి 1929 అక్టోబరు దాకా. దాన్ని హిజ్రీ అనుకుంటే 1919-20లోకి పోతారు. మార్వాడీ బహీలో (లెక్కల పుస్తకంలో) దీపావళికి వేసే సంవత్సరం విక్రమ సంవత్, 57 తీసేయాలి (జనవరి దాటిన పద్దులకు 56). తెలుగు వ్యాపారుల చిట్టాలో ఒట్టి "విభవ" అని ఉంటే అది 1928-29 కావొచ్చు, 1868-69 కావొచ్చు, 1988-89 కూడా కావొచ్చు. పక్కన అణాలుంటే 1988-89 కాదని తేలుతుంది, మిగతా రెండిటి మధ్య వేరే ఆధారం చూసి తేల్చుకోవాలి.

గల్లీచరిత్ర: 1912-15 మధ్య లియొనార్డ్ మున్ చేయించిన హైదరాబాద్ సర్వే మ్యాపులు పనికొస్తాయా?

లెక్కలమేస్త్రి: భవనం అప్పటికి ఉందా, దాని హద్దులెంత అన్నది తేలుతుంది. లోపల ఎవరు ఏం అమ్మారో తేలదు.

బహీఖాతా: పాత బిల్లు బుక్కును తేలిగ్గా తీసుకోవద్దు. ధర పక్కన "ఓ.ఎస్." ఉంటే ఉస్మానియా సిక్కా (నిజాం రూపాయి) కాలం. "నయా పైసలు" అని ఉంటే 1957-64. అడ్రసులో "హైదరాబాద్-1" అనే ఉండి ఆరంకెల పిన్ లేకపోతే 1972 ఆగస్టు ముందు అచ్చు అయి ఉండొచ్చు. అలాగని తొందరపడొద్దు. అచ్చేసిన బుక్కులు అయిపోయేదాకా వాడతారు, పాత అచ్చు మీద 1975 బిల్లు ఉన్నా వింత కాదు. చేత్తో రాసిన తేదీనే లెక్కలోకి తీసుకోండి. బుక్కు మీద అచ్చులో ఉన్న "స్థాపితం 1928" సాక్ష్యం కాదు, అది కూడా దుకాణంవాళ్లు చెప్పుకున్నదే.

దస్తావేజు: అదే నా వాదన! ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో ఫలానా తేదీ నుంచి వాడుతున్నామంటే 2017 రూల్స్ ప్రకారం అఫిడవిట్‌తో పాటు ఆధారాలూ పెట్టాలి. వీధి చరిత్రకు అంతకంటే తక్కువ సరిపోతుందా?

బహీఖాతా: అక్కడ అడిగేది మార్కు వాడకం గురించి, వ్యాపారం పుట్టుక గురించి కాదు. పేరు 1955లో మార్చి ఉంటే ఆ మార్కుకు 1955 సరైనదే, దుకాణానికి తప్పు. నేనైతే మూడు ఏళ్లూ విడివిడిగా వేస్తాను. ఉదాహరణకు: వ్యాపారం 1928 (కుటుంబం చెప్పినది), ఈ మడిగెలో 1934 (కిరాయి రసీదు), ఈ పేరుతో 1955 (బిల్లు).

దస్తావేజు: బ్రాకెట్లో ఆధారం వేస్తే ఒప్పుకుంటా. మరి అన్నదమ్ములు విడిపోయి ఎదురెదురుగా రెండు దుకాణాలు పెట్టుకుంటే? ఇద్దరి బోర్డుల మీదా 1928 కనపడుతుంది.

లెక్కలమేస్త్రి: పంపకం దస్తావేజులో గుడ్‌విల్ (దుకాణం పేరుప్రతిష్ఠల హక్కు) ఎవరి వాటాకు రాశారో చూడండి. 1928 ఆ దుకాణానికి, రెండోదానికి విడిపోయిన ఏడాది. గుడ్‌విల్ ఊసే లేకపోతే 1928ని కుటుంబం పేరు కింద వేసి, రెండు దుకాణాలకూ ఎవరి తొలి బిల్లు తేదీ వాళ్లకు వేస్తాను.