మెడ నొప్పికి చేత్తో చేసే థెరపీ: లోపలి వాపు నిజంగా తగ్గుతుందా?

ప్రశ్న (పుట్టపాక)
మా నాయన చిన్నప్పటి నుంచీ గుంట మగ్గం మీదే. ఏడాదిగా మెడ పట్టేసి, పక్కన పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తున్నాడు. ఎక్స్‌రేలో అరుగుదల, రక్తంలో వాపు చూసే సీఆర్పీ పరీక్ష మాత్రం నార్మల్. నల్లగొండలో ఫిజియో దగ్గర మాన్యువల్ థెరపీ చేయిస్తున్నాం. ఆ రోజంతా హాయిగా ఉంటోందంటాడు. "లోపలి వాపు కరుగుతోంది, ఇంకో ప్యాకేజీ తీసుకోండి" అంటున్నారు. పరీక్షలో కనపడని వాపు ఎట్లా కరుగుతుంది?

జవాబు (మహబూబ్‌నగర్, ఫిజియో)
తమ్ముడూ, నొప్పి తగ్గడం నిజమే, కారణం వేరు. చేయి పడగానే బిగుసుకున్న కండరం వదులవుతుంది, వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాలను కాసేపు తగ్గిస్తాయి. మూడు నెలలు దాటిన మెడ నొప్పిలో సీఆర్పీ నార్మల్‌గా ఉండటం మామూలే, అది ఒళ్లంతటి వాపును చూపే పరీక్ష, ఒక్క కండరంలోని దాన్ని పట్టుకోలేదు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 11 మంది కుర్రాళ్లతో బాగా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మసాజ్ చేసి, తొడ కండరం ముక్క తీసి చూస్తే వాపు సంకేతాలు తగ్గాయి. కానీ అది అలసిన ఆరోగ్యవంతుల తొడ, ఏళ్ల తరబడి వంగిన మెడ కాదు. మెడ మీద జరిగినవి చిన్న అధ్యయనాలు, ఫలితాలు ఒక్కతీరుగా లేవు. కాబట్టి వాపు పేరుతో ప్యాకేజీ కొనొద్దు. థెరపీతో పాటు మెడ, భుజాల వ్యాయామం నేర్పమనండి, రెండూ కలిస్తేనే ఫలితం నిలుస్తుంది.

జవాబు (పోచంపల్లి)
పని తీరు మారకపోతే ఎన్ని థెరపీలైనా అంతే. నేతకు ముందు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే ఆసు పోసి పోసి అమ్మ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు మిషన్ చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం ముందు పీట ఎత్తు పెంచండి, పోగుల మీద వెలుతురు పడేట్టు లైటు పెట్టండి, జానెడు నేయగానే లేచి నాలుగడుగులు వేయమనండి.

జవాబు (గద్వాల)
కటింగ్ షాపులో మెడ టక్కుమనిపించుకోవడం మాత్రం వద్దే వద్దు. అరుదే కానీ మెడలో రక్తనాళం చీలి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. చేతి పట్టు తగ్గినా, అంగీ గుండీలు పెట్టుకోలేకపోయినా, నడకలో తూలినా ముందు డాక్టర్‌కి చూపించాలి.

పుట్టపాక
ఇది చదివి అడిగితే, తెగిన పోగు ముడి వేయడానికి కొన్నాళ్లుగా అమ్మనే పిలుస్తున్నాడట. చూపు మందగించిందనుకున్నాం.

మహబూబ్‌నగర్, ఫిజియో
అది చూపు కాదేమో, చేతి పట్టు తగ్గడం కావచ్చు. థెరపీ ఆపేయండి. రేపే వెన్నెముక డాక్టర్‌కి చూపించండి, ఎమ్మారై కావాలంటారు, ఆలస్యం చేయొద్దు.