పాత మడత కత్తితో గడ్డం గీసుకోవడం: కొత్తవారు ముందుగా ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న (కర్నూలు నుంచి)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మామూలు సేఫ్టీ రేజరుతోనే గడ్డం గీసుకుంటూ వచ్చాను. పాతకాలపు మడత కత్తితో గీసుకోవడం నేర్చుకోవాలన్న కోరికతో ఈ మధ్య పాత సామాన్లు అమ్మే ఒకరి వద్ద ఒక కత్తిని కొన్నాను. దాని మెడ మీద కత్తులకు పేరుపడ్డ జర్మనీ నగరం ‘జోలింగెన్’ పేరు చెక్కి ఉంది. తుప్పు లేదు, వాదరలో (కోసే అంచులో) కంటికి కనిపించే నొక్కులూ లేవు. తోలు పట్టీ ఒకటి విడిగా తెప్పించుకున్నాను. అయితే బుగ్గ మీద ఆనించి లాగితే వెంట్రుకలు తెగడానికి బదులు పీకినట్లవుతోంది, దవడ కింద చాలాసేపు మంటగా ఉంటోంది. ఇది చెయ్యి కుదరకపోవడం వల్లనా, కత్తికి పదును లేకపోవడం వల్లనా? సాన నేనే పట్టుకోవచ్చునా? సెలూన్లలో వాడే సగం బ్లేడు కత్తితో ముందు అలవాటు చేసుకోవడం మేలని స్నేహితులు అంటున్నారు. అది అవసరమా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (ప్రొద్దుటూరు నుంచి)

మీరు చెప్పినదాన్ని బట్టి ముందుగా అనుమానించవలసింది కత్తి పదునునే. మాది తరాలుగా సెలూన్ పని చేసుకునే కుటుంబం, సాన పట్టడం నేను మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారిలో చాలామంది కత్తి తెగకపోతే తమ చేతిదే లోపమనుకొని ఇంకాస్త అదుముతారు, మంటకూ గాట్లకూ ఆ అదమడమే కారణమవుతుంది. నిజంగా పదునున్న కత్తికి దాని బరువే చాలు.

పదునును ఇలా చూడండి. ముంజేతి మీద చర్మానికి కొంచెం ఎత్తులో, చర్మాన్ని తాకకుండా కత్తిని నడపండి. వెంట్రుకల కొనలు వాటంతటవే తెగి రాలితే కత్తి సిద్ధంగా ఉన్నట్లు, వంగి జారిపోతే సాన కావాలన్నట్లు. వాదర మొదలు నుంచి కొన దాకా మూడు నాలుగు చోట్ల ఇలా చూడాలి, ఎందుకంటే మధ్యలో పదునుండి చివర్లు మొద్దుబారిన కత్తులే ఎక్కువ. నగల పనివారు వాడే 10 రెట్ల భూతద్దం ఉంటే ఇంకా మంచిది. మా ఊళ్లో బంగారు అంగళ్ల పక్కన అడిగితే దొరుకుతుంది, మీకు కర్నూలులోనూ దొరకాలి. వాదర మీ వైపు ఉండేలా పట్టుకొని దీపం వెలుగులో అటూ ఇటూ వంచి చూడండి. మంచి వాదర మీద వెలుగు నిలవదు. ఎక్కడైనా సన్నని తెల్లని మెరుపు కనిపిస్తే అక్కడ అరిగిందనో, కంటికి ఆనని నొక్కు పడిందనో అర్థం.

తోలు పట్టీ పోయిన పదునును తిరిగి తీసుకురాదు, ఉన్న పదునును నిలబెడుతుంది, అంతే. పట్టీని కొక్కేనికి తగిలించి, మధ్యలో కుంగకుండా బిగువుగా లాగి పట్టుకోండి. కత్తి వెన్నూ వాదరా రెండూ తోలుకు ఆని ఉండాలి. వెన్ను ముందు నడవాలి, వాదర వెనుక రావాలి. చివరకు చేరాక వెన్ను మీదనే దొర్లించి రెండో వైపుకు తిప్పుకోవాలి. వాదర మీదుగా తిప్పితే తోలు తెగుతుంది, వాదర గుండ్రబడుతుంది. చేతి బరువు వేసినా, పట్టీ వదులుగా ఉన్నా వాదర అలాగే పాడవుతుంది. గీసుకోబోయే ముందు 30 నుంచి 50 సార్లు రానూపోనూ లాగితే సరిపోతుంది. సెలూన్లో మేము చేసే వేగాన్ని చూసి మీరు తొందరపడకండి, తిప్పడం కుదిరాక వేగం దానంతటదే వస్తుంది.

సాన విషయానికి వస్తే, ఈ కత్తిలో వాలు (వాదర వైపు ఏటవాలుగా పలుచబడే భాగం) కోణాన్ని నిర్ణయించేది వెన్ను మందమే కనుక, రాయి మీద కూడా వెన్నునూ వాదరనూ కలిపి ఆనించాలి. అయితే ఇక్కడ తోలు మీద చేసినదానికి విరుద్ధంగా వాదర ముందు నడుస్తుంది. రాయి నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 1000 నంబరు రాయి మీద వాలు రెండు వైపులా సరిగా కుదిరితేనే 4000కూ, ఆ తర్వాత 8000కూ వెళ్లాలి. ఇంకా మెత్తని వాదర కావాలనుకునేవారు 12000 దాకా వెళతారు. మొదటి రాయి మీద పని సరిగా జరగకపోతే తర్వాతి రాళ్లు ఎంత మంచివైనా ప్రయోజనం ఉండదు. మన బేతంచెర్ల, కడప బండలు అద్దంలా నున్నగా ఉన్నాయని కొందరు వాటి మీద ప్రయత్నిస్తారు. అవి సున్నపురాయి జాతివి, గట్టి ఉక్కును కోయలేవు. వంటింటి కత్తులకు పదునుపెట్టే చక్రం దగ్గరికి మాత్రం దయచేసి తీసుకువెళ్లకండి. ఆ వేడికి పలుచని ఉక్కు మెత్తబడుతుంది, ఆ తర్వాత ఏ సానా దాన్ని బాగుచేయలేదు.

ఇవన్నీ మీరు నేర్చుకోగలరు, కానీ మొదటిసారి మాత్రం పని తెలిసినవారితో సాన పట్టించమని నా గట్టి సలహా. పదునైన కత్తి చర్మం మీద ఎలా నడుస్తుందో ఒకసారి ముఖానికి తెలిస్తే, ఆ తర్వాత మీరు పట్టిన సాన కుదిరిందో లేదో ఎవరినీ అడగనక్కరలేదు. అది తెలియకుండా చెయ్యినీ, కత్తినీ, పట్టీనీ మూడింటినీ ఒకేసారి దిద్దుకోవాలని చూస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

జోలింగెన్ పేరుకు జర్మనీలో 1938 నుంచి చట్టరక్షణ ఉన్న మాట నిజమే. అయినా పేరు ఎంత గొప్పదైనా పదును పోయిన కత్తి పదును పోయినదే. ఇక సగం బ్లేడు కత్తి తప్పనిసరి మెట్టేమీ కాదు. చర్మాన్ని బిగలాగడం, చేతులు మార్చుకోవడం దానితో అలవాటవుతాయి. కానీ అది తేలికైనది, బ్లేడు మరీ కరుకైనది, కోణం కాస్త తప్పినా వెంటనే కోసుకుంటుంది. పట్టీనీ సాననూ అది ఎలాగూ నేర్పదు.

సమాధానం (అనంతపురం నుంచి)

పై అన్నగారు కత్తి గురించి చెప్పినదంతా సరైనదే, నేను నీళ్ల గురించి ఒక మాట కలుపుతాను. మాకు ఇంట్లో బోరు నీళ్లే. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తరకలా విడిపోతాయి కనుక నురగ లేచినట్లే లేచి చప్పబడిపోతుంది. పలుచని నురగ మీద మంచి కత్తి కూడా పట్టుకుంటుంది. మీ నీళ్లూ అలాంటివే అయితే, తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు ఒక గ్లాసుడు గోరువెచ్చగా చేసుకొని వాటితోనే బ్రష్షు నానబెట్టండి, వాటితోనే నురగ తీయండి. నురగ గిలకొట్టిన పెరుగులా తడిగా, చిక్కగా ఉండాలి. బుడగలు కనిపిస్తే ఇంకాస్త తిప్పాలి. మన ఎండాకాలంలో ఫ్యాను కింద కూర్చుంటే రెండో బుగ్గకు చేరేసరికి మొదట పూసినది ఆరిపోతుంది, కాబట్టి గీసేంత మేరకే పూసుకుంటూ వెళ్లడం మంచిది.

ప్రశ్న అడిగినవారు (కర్నూలు నుంచి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. భూతద్దంతో చూస్తే వాదర మొదట్లో అన్నగారు చెప్పిన తెల్లని మెరుపు స్పష్టంగా కనిపించింది, కనుక సాన పట్టిస్తాను. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. ఇంతకుముందు ఎవరో వాడిన కత్తి కదా, దాన్ని ఎలా శుభ్రం చేయాలి? సాన అయ్యాక ముఖం మీద ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం (కడప నుంచి)

శుభ్రత గురించి నేను చెబుతాను, నా ఉద్యోగం ల్యాబులో. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ వంటివి రక్తం అంటిన కత్తుల ద్వారా సోకే ప్రమాదం ఉంది కనుకనే సెలూన్లలో మనిషికొక కొత్త బ్లేడు వేయాలంటారు. పాత కత్తిని ముందు సబ్బునీళ్లతో, పిడి సందులు కూడా వదలకుండా పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి, ఆ తర్వాత అలగు మొత్తాన్ని 70 శాతం ఆల్కహాలుతో తుడవండి. ఉడకబెట్టవద్దు, పిడి పాడవుతుంది. బ్లీచింగు నీళ్లలో వేయవద్దు, ఉక్కు తుప్పు పడుతుంది. ఇకపై మీ కత్తినీ, మీ పటికనూ ఇంట్లోవాళ్లకు కూడా ఇవ్వకండి. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

సమాధానం (ప్రొద్దుటూరు నుంచి)

మొదటి కొద్ది వారాలు రెండు బుగ్గలతో ఆపండి, మిగిలినది మీ పాత రేజరుతో పూర్తి చేసుకోండి. చెవి పక్కన మొదలుపెట్టి దవడ ఎముక దాకా కిందికి రావాలి. ఖాళీగా ఉన్న చేత్తో పైనున్న చర్మాన్ని బిగలాగి, కత్తిని ముఖానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉంచి, చిన్న చిన్న గీతలుగా గీయండి. కత్తి కదలిక ఎప్పుడూ వాదరకు అడ్డంగానే ఉండాలి. వాదర పొడవు వెంబడి వెంట్రుకవాసి జారినా తెగుతుంది. బుగ్గలు సాఫీగా వచ్చాక మెడకు, ఆ తర్వాత గడ్డం మొనకు, చివరగా పై పెదవికి వెళ్లండి.

మీకు మంట పుట్టేది దవడ కింద అన్నారు కదా. నురగ పూయకముందు అక్కడ వేలితో నిమిరి చూడండి. చాలామందికి గొంతు మీద వెంట్రుకలు కిందికి కాక పైకో పక్కకో వాలి ఉంటాయి. అలా ఉన్నవారు బుగ్గ మీద గీసినట్లే అక్కడా కిందికి గీస్తే అది ఎదురు గీత అవుతుంది, ఎంత పదునున్నా మంట పుడుతుంది. వేలికి నున్నగా తగిలే దిక్కు ఏదో చూసుకొని కత్తిని ఆ దిక్కుకే నడపండి. పని ముగిశాక కత్తిని పూర్తిగా ఆరనిచ్చి, వాదర మీద కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి పెట్టండి. స్నానాల గదిలో మాత్రం ఉంచవద్దు.